పాండవుల గుట్టకు కావలసింది కాలిబాట

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట మీద పేర్లు వింటేనే దాని చరిత్ర సగం తెలుస్తుంది. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ, మేకల బండ. మొదటి పేరు భారత కథ నుంచి వచ్చింది. రెండోది ఆ కథలోని కుంతీదేవిని గొంతెమ్మగా పిలుచుకుని ఇంటి మనిషిని చేసుకున్న ఊళ్ల నోటి నుంచి వచ్చింది. మూడోది జీవాలను తోలుకుని గుట్టెక్కే కాపరుల మాట. కథ, భక్తి, బతుకుతెరువు ఒకే రాతి మీద పక్కపక్కన ఉన్నాయి. ఇప్పుడు ఆ గుట్టకు పర్యాటక కేంద్రమన్న పేరూ వచ్చింది. అటవీశాఖ అక్కడ తాళ్లు కట్టి బండలెక్కే క్రీడను పరిచయం చేసింది, గుట్టలో నడిచే దారులు చూపించింది. వరంగల్ నుంచి, హైదరాబాద్ నుంచి సెలవు రోజుల్లో జనం వస్తున్నారు. రావాలి కూడా. ప్రజల అడవిని ప్రజలు చూడకపోతే ఇంకెవరు చూడాలి? అయితే వచ్చేవాళ్ల కోసం గుట్టలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది అన్నది తేల్చుకోకుండా ముందుకు పోతే, తరవాత దిద్దుకోవడం చాలా కష్టం. నా వాదన ఇది: జనానికి గుట్టలోకి నడిచే దారి ఇవ్వాలి, గుట్టలో గదులు కట్టకూడదు. ఆ దారి మీద మొదటి హక్కూ మొదటి సంపాదనా చుట్టుపక్కల ఊళ్లవి కావాలి.

గుట్ట విలువంతా దాని రాతిలో ఉంది. ప్రాణహిత, గోదావరి లోయ వెంట పరుచుకున్న పురాతనమైన ఇసుకరాయి అది. హిమాలయాలు లేవకముందే, నేల మీద జంతువన్నది తిరగకముందే ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1881లో ఈ లోయ రాళ్లను ఒక గ్రంథంలో వివరించాడు. మన పాఖాల చెరువు పేరు భూగర్భశాస్త్ర పుస్తకాల్లో వంద కోట్ల ఏళ్లు దాటిన ఒక రాతి సముదాయానికి పేరయి నిలిచింది. వరంగల్ జిల్లా పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! గాలీ వానా యుగాల తరబడి చెక్కగా పాండవుల గుట్టలో నిట్టనిలువు గోడలు, ఇరుకు సందులు, ముందుకు వాలిన బండల కింద చావడిలాంటి నీడపట్టులు ఏర్పడ్డాయి. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ నీడపట్టుల్లో తలదాచుకున్న ఆదిమానవులు గోడల మీద బొమ్మలు వేశారు. 1990లో పురావస్తు శాఖ గుర్తించిన ఆ బొమ్మల్లో అడవిదున్న ఉంది, జింక ఉంది, పులి ఉంది, విల్లంబులు పట్టిన మనుషులున్నారు. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వాడారు. చాలా కాలం తరవాత, చారిత్రక యుగంలో, అదే గుట్టలో పురాణ పాత్రల బొమ్మలు కూడా వేశారు. వేటాడి బతికిన మనిషికీ, భారతం విన్న మనిషికీ ఆ నీడ ఒకేలా నచ్చింది. ఇద్దరూ అక్కడ కూర్చుని, కాస్త తీరిక చేసుకుని, రంగు నూరుకుని బొమ్మ వేశారు. బొమ్మ వేయడానికి తీరిక కావాలి. అడవిలో సేద తీరడం నిన్న మొన్న పట్నం నుంచి వచ్చిన అలవాటని అనుకునేవాళ్లు ఆ గోడలు ఒకసారి చూడాలి.

ఈ బొమ్మలే నా వాదనకు మొదటి ఆధారం. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1940లో కనుగొన్నారు, 1948లో జనానికి తెరిచారు, 1963లో మూసేశారు. పదిహేనేళ్లలోనే సందర్శకుల ఊపిరి, తేమ, వేడి కలిసి వేల ఏళ్లు నిలిచిన రంగులను చెడగొట్టడం మొదలుపెట్టాయి. తరవాత 1983లో పక్కనే నకలు గుహ కట్టి దాన్ని చూపించారు. మన దేశంలో భీంబెట్కాను పురావస్తు పరిశోధకుడు వాకణ్‌కర్ 1957లో వెలుగులోకి తెచ్చారు, 2003లో అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ వందలాది రాతి ఆవాసాలున్నా సందర్శకులకు చూపేవి పదిహేను దాకానే. మిగతావి అడవికే వదిలేశారు. పాండవుల గుట్ట బొమ్మలు చీకటి గుహలో లేవు, గాలి ఆడే బండల కింద ఉన్నాయి. అందువల్ల ఊపిరి ఇక్కడ పెద్ద శత్రువు కాదు. శత్రువు చెయ్యి. తాకే చెయ్యి, ఫొటోలో రంగు బాగా కనిపించాలని నీళ్లు చల్లే చెయ్యి, మేకుతో పేరు గీకే చెయ్యి, బండ కింద పొయ్యి రాజేసే చెయ్యి. వంట పొగ ఒక్క మధ్యాహ్నంలో పట్టించిన మసిని ఏ రసాయనమూ తేలిగ్గా తీయలేదు. ఇసుకరాయి మెత్తన, పైపొర రాలితే బొమ్మ కూడా రాలుతుంది. చెయ్యిని ఆపేది కంచె కాదు, పక్కన నిలబడ్డ మనిషి. ఆ మనిషి గుట్ట కింద ఊరివాడైతే గొంతెమ్మ గుహలో పేరు గీకేవాడిని ఆపడానికి అతనికి జీతంతోపాటు మరో కారణం కూడా ఉంటుంది.

ఈ అడవులను పాలకులు ఏయే పనులకు వాడుకున్నారో గుర్తు చేసుకుంటే ఊరి మాట ఎందుకు ముందు రావాలో అర్థమవుతుంది. కాకతీయులు కొండల మధ్య కట్టలు వేసి నీళ్లు నిలిపారు. 1213లో గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన పాఖాల చెరువుకు మూడు వైపులా అడవి ఇప్పటికీ ఉంది. ఆ అడవి నిలిచినందువల్లే చెరువు పూడిపోకుండా ఎనిమిది వందల ఏళ్లు పొలాలు పారించింది. ఈ ప్రాంత చరిత్రలో అడవిని నిలబెట్టి లాభపడ్డ పాలన అదొక్కటే అనాలనిపిస్తుంది. నిజాం కాలానికి పాఖాల వేట విడిది అయింది. పులి కోసం దొరలు వస్తే డప్పులు కొట్టి మృగాన్ని తోలడం, సామాను మోయడం చుట్టుపక్కల గూడేలవాళ్ల వెట్టి. అదే కాలంలో రిజర్వు హద్దులు పాతారు. హద్దు లోపల నిన్నటిదాకా గడ్డ తవ్వుకున్న మనిషి మర్నాటి నుంచి దొంగయ్యాడు. అడవి అధికారుల ఆగడాల మీదే 1940లో ఆదిలాబాద్ కొండల్లో కొమురం భీం ప్రాణమిచ్చాడు. ఆ తరవాతే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను రప్పించి గిరిజనుల స్థితి మీద నివేదికలు రాయించుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక జనగామ పల్లెల్లో అంటుకున్న సాయుధ రైతాంగ పోరాటం 1948 తరవాత పాఖాల, గోదావరి అడవులను ఆశ్రయించింది. దళాలను పట్టుకోవడానికి సైన్యం కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టింది. 1952లో పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలయ్యాయి. వేటగాడికి విడిదిగా ఉన్న అడవి మృగానికి విడిది అయింది. మంచి మార్పే. కానీ హద్దు లోపల ఉన్న మనిషి స్థితి మారలేదు.

ఇక భూపాలపల్లి సంగతి కళ్ల ముందుంది. సింగరేణి కాకతీయ ఖని గనులు, ఓపెన్‌కాస్టు తవ్వకాలు, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రం. వీటి వల్ల వేల కుటుంబాలు బతుకుతున్నాయి. రాష్ట్రానికి కరెంటు వస్తోంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. కాకపోతే ఓపెన్‌కాస్టు గొయ్యిలో బొగ్గు అయిపోయాక మిగిలేది మట్టి దిబ్బ. వేట, కలప, బొగ్గు: ఇన్నేళ్లూ ఈ అడవి నుంచి ఏదో ఒకటి తీసుకుపోవడమే వాడకం అనుకున్నాం. అడవిని ఉన్నచోట ఉండనిచ్చి, దాన్ని చూడటానికి మనిషిని అక్కడికి రప్పించడం ఈ నేలకు దాదాపు కొత్త సంగతి. అందుకే విహారాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అందుకే దాన్ని పాడు చేసుకోవద్దని కూడా అంటాను.

పాలకులకు కొత్త గానీ, జనానికి కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు, శ్రావణంలో వాగు ఒడ్డున బోనం, గుట్ట మీద దేవుడికి మొక్కు, ఆ వెంటే అక్కడే వంట, ఆట, పాట. పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట ఎక్కేవాడు పుణ్యం కోసం ఎంత ఎక్కుతాడో, పైనుంచి ఊళ్లు చూడటానికీ అంతే ఎక్కుతాడు. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో భీమునిపాదం జలపాతానికి వానకాలం జనం పోటెత్తుతారు. అక్కడా పాండవులే. భీముడి అడుగు పడ్డ చోటు నుంచి నీళ్లు దూకుతాయన్న నమ్మకం లేకపోయినా జనం వచ్చేవారే, కానీ ఆ నమ్మకం వల్ల చోటు మీద ఒక మర్యాద ఉంటుంది. కొత్తగూడ మండలం గుంజేడు ముసలమ్మ దగ్గరికి కోయలతోపాటు మైదానపు ఊళ్లవాళ్లూ వెళతారు. అన్నిటికంటే గొప్ప ఉదాహరణ గంగారం మండలం పూనుగొండ్ల. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పెనక వంశీయులు సమ్మక్క భర్త పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి అడవి దారిన, వాగులు దాటుతూ, మజిలీలు చేస్తూ కాలినడకన తీసుకుపోతారు. మహబూబాబాద్ నుంచి ములుగు దాకా అడవి గుండా ఇప్పటికీ బతికి ఉన్న నడకదారి అది. ఇలాంటి దారి మరో దేశంలో ఉంటే దాని మీద పుస్తకాలు వచ్చేవి, రాళ్ల మీద గుర్తులు వేసి లోకాన్ని పిలిచేవారు. మనం దాన్ని జాతర వారంలో వార్తగా చదివి వదిలేస్తున్నాం.

మేడారంలోనే ఇంకో పాఠం కూడా ఉంది. సమ్మక్క దిగివచ్చే చిలకలగుట్ట మీదికి పూజారులు తప్ప ఇతరులు ఎక్కకూడదు. కోటి మంది వచ్చే జాతరలో కూడా ఆ గుట్ట ఒంటరిగా, పచ్చగా నిలబడి ఉంటుంది. దాన్ని కాపాడుతున్నది ముఖ్యంగా కట్టుబాటు. జాతర గద్దెల దగ్గర, గుట్ట మాత్రం అమ్మది. అందరికీ తెరిచిన చోటూ, ఎవరూ పోకూడని చోటూ పక్కపక్కనే ఉండొచ్చని, ఆ గీత గీసేది అక్కడ బతికేవాళ్లయితే దాన్ని కోటి మంది గౌరవిస్తారని మేడారం చూపిస్తోంది. అటవీశాఖ ప్రణాళిక రాసేవాళ్లు ఏ విదేశీ నమూనా వెతకనక్కరలేదు.

అయినా విదేశాల మాట ఒకటి చెప్పుకోవడం మంచిదే. నార్వేలో 1957లో బహిరంగ విహారం మీద ఒక చట్టం చేశారు. సాగులో లేని అడవిలో, కొండలో ఎవరైనా నడవొచ్చు, గుడారం వేసుకోవచ్చు, అడవి పండ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. స్వీడన్‌లో ఈ హక్కు ఆచారంగా ఉంటూ రాజ్యాంగంలోకి కూడా ఎక్కింది. అక్కడ నడిచే హక్కూ ఏరుకునే హక్కూ కలిసే ఉంటాయి. మన దగ్గర ఈ రెంటినీ విడదీశాం. కారులో వచ్చి టికెట్టు కొన్నవాడు సందర్శకుడు, తునికాకు కోసుకోవడానికి వచ్చిన ఆడమనిషి హద్దు దాటిన మనిషి. ఒకే అడవిలో, ఒకే రోజు. ఆమెకు లేని హక్కు అతనికి డబ్బుతో వస్తే ఆ విహారం పాత వేట విడిదికి కొనసాగింపే అవుతుంది, తుపాకీ బదులు ఫోను ఉంటుంది, అంతే తేడా.

ఇప్పుడు ఈ మాట అనడానికి ఒక కారణముంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవి నేలను అడవేతర పనికి వాడాలంటే కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. కార్యప్రణాళికలో గానీ, వన్యప్రాణి నిర్వహణ ప్రణాళికలో గానీ చేర్చిన ఎకో టూరిజం సౌకర్యాలు ఇక మీదట అడవేతర పని కింద లెక్కకు రావు. ఢిల్లీ దాకా వెళ్లవలసిన దస్త్రం ఇప్పుడు ప్రణాళికలో ఒక పేరాతో తీరిపోతుంది. ‘సౌకర్యం’ అన్న మాట ఎంత సాగుతుందో అందరికీ తెలుసు. దారి పక్క నీళ్ల కుండ సౌకర్యమే, ఏసీ గదీ సౌకర్యమే. గుట్టలో గది వచ్చిందంటే వెనకే బోరు వస్తుంది, కరెంటు తీగ వస్తుంది, మురుగు గొయ్యి వస్తుంది, సామాను లారీకి రోడ్డు వస్తుంది, రాత్రి దీపాలు, పాటలు వస్తాయి. ఆ గది నింపడానికి ప్రచారం కావాలి, ప్రచారానికి తగ్గ జనం రావాలి. కాలిబాట దగ్గర ఈ గొలుసు లేదు. నడిచి వచ్చినవాడు సాయంత్రానికి దిగిపోతాడు, గుట్ట రాత్రికి తన జీవాలకు తాను దక్కుతుంది.

గదులు లేకపోతే జనం ఎందుకొస్తారు, రాకపోతే ఊరికి ఆదాయం ఎక్కడిది అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయడానికి లేదు. తూర్పు కనుమల్లోని మారేడుమిల్లినే చూపిస్తారు. అక్కడ వన సంరక్షణ సమితుల్లోని గిరిజనులు పర్యాటక విడుదులు నడుపుతున్నారు, వండి పెడుతున్నారు, అడవి చూపిస్తున్నారు. విడిది గదులు కూడా ఉన్నాయి, నిజమే. కానీ మారేడుమిల్లి రాజమహేంద్రవరం నుంచి గంటల దూరంలో, ఘాటు రోడ్డు మీద ఉంది. రాత్రి ఆగకపోతే అడవి చూడలేరు. పాండవుల గుట్ట అలా కాదు, పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారికి దగ్గరలో ఉంది. వరంగల్‌లో పొద్దున టిఫిన్ చేసి బయలుదేరినవాళ్లు ఎండ ముదరకముందే గుట్ట కిందికి చేరతారు. రాత్రి ఉండాలనుకుంటే భూపాలపల్లి, పరకాల, హనుమకొండ ఉన్నాయి. ఆ పట్టణాల లాడ్జీలకు వచ్చే డబ్బు కూడా ఈ జిల్లాల డబ్బే. మారేడుమిల్లి నుంచి నేర్చుకోవలసింది గదుల గురించి కాదు. రోడ్డు పక్క బొంగులో చికెన్ అమ్మే కుటుంబాలు ఏ కాంట్రాక్టరు అనుమతీ లేకుండా సంపాదించుకుంటున్న తీరు నేర్చుకోవాలి. గుట్ట కింద ఊళ్లో మధ్యాహ్నం జొన్న రొట్టె, నాటుకోడి కూర, తాటి ముంజలు, సీజన్లో సీతాఫలాలు అమ్మితే ఆ రాబడి నేరుగా ఆ ఇంటికి పోతుంది. దారి చూపే యువకుడికి ప్రతి గుంపు నుంచి కూలి వస్తుంది. గదుల్లో ఇదే యువకుడు పరుపులు దులిపే ఉద్యోగి అవుతాడు. ఎవరి గుట్టలో వాళ్లే గైడ్లుగా నిలబడటానికీ దీనికీ తేడా డబ్బు లెక్కల్లో కనిపించకపోవచ్చు, మనిషి నిలబడే తీరులో కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. జనాన్ని రానిస్తే ప్లాస్టిక్ వస్తుంది, మద్యం వస్తుంది, బొమ్మలు పాడవుతాయి, కాబట్టి మూసేయడమే మేలని అడవిని ప్రేమించేవాళ్లే అంటారు. వాళ్ల భయం నిజమైనదే. కానీ ఎవరి కంటా పడని గుట్ట క్షేమంగా ఉంటుందనే నమ్మకానికి మన రాష్ట్రంలో ఆధారం లేదు. గుట్ట అంటే కంకర, గ్రానైటు అన్న లెక్కలో ఎన్ని గుట్టలు కనిపించకుండా పోయాయో తెలంగాణ రోడ్ల మీద తిరిగేవాళ్లకు తెలుసు. జనం నడిచిన చోటికి జనమే కాపలా అవుతారు. హైదరాబాద్‌లో 1998లో జాతీయ ఉద్యానమైన కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతే 2016లో అడ్డు నిలిచినవాళ్లలో చాలామంది పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు వస్తే ముందు నిలబడింది ఆ చెట్లను రోజూ చూసిన విశ్వవిద్యాలయ విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ ఆదేశం వెనక ముందుగా కొన్ని వందల మంది కళ్లున్నాయి. రేగొండ గుట్టకు అలాంటి కళ్లు కావాలంటే ముందు జనానికి గుట్ట తెలియాలి.

తెరవడమంటే తలుపులు పీకేయడం కాదని కూడా చెప్పాలి. బొమ్మలున్న నీడపట్టుల్లో కొన్నిటినే చూపాలి, అదీ ఒకసారికి పది పదిహేను మందికి, వెంట ఊరి గైడు ఉంటేనే. బండలెక్కే గోడలు బొమ్మలకు దూరంగా ఉండాలి. రాతికి మేకు దిగగొట్టే ముందు పురావస్తు శాఖ చూడాలి. బండ కింద నిప్పు రాజేయకూడదు. వనభోజనాలకు గుట్ట కింద మైదానముంది. వానల్లో ఎప్పుడు మూయాలో వాతావరణ హెచ్చరికే చెప్పాలి, వచ్చినవాళ్ల ఉత్సాహం కాదు. 2023 జూలై చివర ములుగు జిల్లా ముత్యంధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, విపత్తు దళం వాళ్లను బయటికి తేవలసి వచ్చింది. అదే వానకు మర్నాడు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరే మునిగింది, జనం ఇళ్ల కప్పుల మీదికెక్కారు. ఈ వాగుల ఉరవడి ఎంతటిదో ఆ రెండు రోజులూ చూపించాయి. ఊరి మనిషి వెంట ఉంటే ఆకాశం చూసి గుంపును వెనక్కి తిప్పేవాడు. ఫోనులో వచ్చే పటానికి వాగు చప్పుడు వినిపించదు.

పులి మాట విడిగా చెప్పాలి. గోదావరి అవతలి అడవుల నుంచి ఈ మధ్య సంవత్సరాల్లో పులి మళ్లీ భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల్లో అడుగులు వేస్తోంది. కొత్తగూడ, గంగారం, మహాదేవ్‌పూర్ వైపు లోపలి అడవి దానికి కావాలి. అక్కడ సందర్శకులకు దారులు వేయకూడదని నా అభిప్రాయం. పగిడిద్దరాజు దారి ఆ వంశానికే, ఆ రోజులకే. చిలకలగుట్ట పద్ధతి అక్కడా పనికొస్తుంది. పాండవుల గుట్ట రోడ్డుకు, ఊళ్లకు దగ్గర గుట్ట కనుకనే జనం నడకను మోయగలదు. అందరినీ అన్ని చోట్లకూ పంపించక, మోయగలిగిన చోటికి పంపించడం తెలివైన పని.

అసలు పొట్టకు లేనివాళ్లు పోడు కోసం కేసులు మోస్తుంటే గుట్టల్లో విహారాల గురించి రాయడమేమిటని అడిగే గొంతు కూడా ఉంది. ఈ ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది. ఇంకా అందనివాళ్లు ఉన్నారు, మొక్కలు నాటేవాళ్లకూ సాగు చేసేవాళ్లకూ గొడవలు ఉన్నాయి. నా సమాధానం ఏమిటంటే, హక్కు తేలని చోట విహార పథకం మొదలుపెట్టకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తికి పట్టాతోపాటు గ్రామసభకు సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు కూడా ఇచ్చింది. గిరిజనులకే కాదు, మూడు తరాలుగా అడవి మీద ఆధారపడిన ఇతరులకూ ఆ చట్టంలో చోటుంది. పాండవుల గుట్ట చుట్టూ జీవాలు కాచుకునే కుటుంబాలు, వంట చెరకు ఏరుకునే ఆడవాళ్లు ఆ తలుపు తట్టగలరు. సామూహిక హక్కు పత్రం గ్రామసభ చేతిలో ఉంటే గైడు ఎవరు, రుసుము ఎంత, ఏ నెలలో మూయాలి, మేకల దారి ఎటు అన్నవి ఊళ్లో తేలతాయి. విహారం అప్పుడు హక్కుకు అడ్డు కాదు, ఆ హక్కును నిలబెట్టుకోవడానికి దొరికే రాబడి. వ్యక్తి పట్టాల మీద పెట్టిన శ్రద్ధలో సగం సామూహిక హక్కుల మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

జనగామ ఈ చర్చలో ఎక్కడుంది? అడవి చాలా తక్కువ, కరువు ఎక్కువ చూసిన నేల అది. బమ్మెర, పాలకుర్తి, ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట: చరిత్రకు కొదవ లేదు, చెట్టు నీడకే కొదవ. అక్కడి పిల్లలకు అడవి అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ. రెండు మూడు గంటల దూరంలో పాండవుల గుట్ట ఉంది, పాఖాల ఉంది. ఏడాదికి ఒక్క రోజు జనగామ సర్కారు బడి పిల్లలు బస్సులో వచ్చి, ఇప్ప చెట్టేదో, మోదుగు ఏదో, నల్లమద్ది ఏదో గుట్ట కింద ఊరి మనిషి నోట విని, ఎదురు పాండవుల దగ్గర అడవిదున్న బొమ్మ చూసి వెళ్లడానికి రిసార్టు అక్కరలేదు. ఒక బస్సు, సద్ది మూట, దారి చూపే మనిషి, టికెట్టు లేని ప్రవేశం చాలు. ప్రభుత్వ అడవిలో ప్రభుత్వ బడి పిల్లల దగ్గర రుసుము వసూలు చేయడం తగదు. కారులో వచ్చేవాళ్ల దగ్గర తీసుకోండి, ఎక్కువే తీసుకోండి, అందులో పెద్ద వాటా గ్రామసభ ఖాతాలో వేయండి.

ఇవన్నీ జరగడానికి కొత్త చట్టం అవసరం లేదు. భూపాలపల్లి అటవీ డివిజన్ కార్యప్రణాళికలో పాండవుల గుట్ట గురించి రాసే పేరాలో ‘సౌకర్యం’ అన్న మాటకు హద్దు గీస్తే చాలు. కాలిబాట, తాగునీరు, మరుగుదొడ్డి, బోర్డులు, గైడ్ల గుడిసె, అన్నీ గుట్ట కింద. పైన కొత్త కట్టడం ఏదీ ఉండదు. ఆ పేరా రాయకముందే రేగొండ మండలంలో గుట్టను ఆనుకుని ఉన్న ఊళ్ల గ్రామసభల్లో తెలుగులో చదివి వినిపించాలి. మేకల బండకు ఆ పేరు పెట్టిన ఇళ్లవాళ్లు ఆ సభలో ముందు వరసలో కూర్చోవాలి.